తెలిసీ వణికిన పాదాలు

గత వేసవి సెలవులలో మా మనుమడు కళ్లకు గంతలవలె కట్టుకొనే ఒక యంత్రాన్ని వెంట తెచ్చాడు. వర్చువల్ రియాలిటీ అంటారు. బరువు సుమారు అర కిలో. రెండు కన్నులకూ ఇంచుక భేదంతో వేర్వేరు చిత్రాలు చూపి లోతును భ్రమింపజేస్తుంది. తల ఎటు త్రిప్పితే దృశ్యమూ అటే తిరుగుతుంది. 1968లోనే అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటిదానిని పైకప్పునుండి వ్రేలాడదీసి ప్రయోగించాడు.

మావాడు నాచేత ఆడించినది 2016లో వచ్చిన 'రిచీస్ ప్లాంక్ ఎక్స్‌పీరియన్స్' అనే ఆట. లిఫ్టు ఎక్కి మీట నొక్కాలి. తలుపులు తెరుచుకొనేసరికి ఆకాశహర్మ్యం పైన ఉంటాము. ఎదుట గాలిలోకి చాచిన ఒక సన్నని పలక. దానిమీద నడవాలి, అంతే. పాదాలకు తగలడానికి మావాడు గదిలో నిజంగానే ఒక చెక్కను పరిచాడు.

నేనున్నది మా ఇంటి నట్టింట అని నాకు తెలుసు. వంటింట్లో పోపు వేస్తున్న వాసన తెలుస్తూనే ఉంది. అయినా మోకాళ్లు వణికాయి, అరచేతులు చెమర్చాయి. "తాతగారూ, అది వట్టి నేలేనండీ!" అని పిల్లవాడు అరుస్తున్నా అడుగు పడలేదు. "నిత్యం గీత చెప్పే మనిషేనా?" అని మా ఇంటావిడ నవ్వింది.

ఇదంతా మాయ, త్రాడును చూసి పామనుకోవడమే అని కొందరు పండితమిత్రులు తేల్చివేశారు. నేను అంగీకరించను. దీపం తెస్తే పాము పోతుంది, భయమూ పోతుంది. నాకు దీపం మొదటినుండీ చేతిలోనే ఉన్నది కదా! మన వేదాంతులు భ్రమను నిరుపాధికమనీ, సోపాధికమనీ రెండు విధాలుగా చెప్పారు. త్రాటిపాము మొదటిది. మందారపువ్వు ప్రక్కన ఎర్రబారిన స్ఫటికమూ, ఎండమావీ రెండవ కోవలోనివి. నీరు కాదని ఎరిగినవానికి కూడా ఎండమావి మెరుస్తూనే ఉంటుంది. అతడు కడవతో పరుగెత్తడు, అంతే భేదం. ఈ యంత్రం చూపేది ఆ జాతిది. అయితే నేను ఆ ఎరిగినవానివలె నిలువలేకపోయాను. తెలియడం వేరు, ఆ తెలివి పాదాలదాకా దిగడం వేరు.

ఈ ముచ్చట ఇక్కడ వ్రాయడానికి ఒక కారణమున్నది. మూడేళ్ల క్రితం మా ఆలయంలో ప్రవచనానంతరం ఒక వృద్ధురాలు, "అయ్యగారూ, ఈ శరీరం నేను కానని మీరు చెప్పింది అర్థమైంది. అయినా ఆసుపత్రి గడప త్రొక్కాలంటే వణుకు పుడుతున్నది" అన్నది. "అర్థమైతే వణుకెందుకమ్మా? మళ్లీ వినండి" అని కసిరినట్లే సమాధానమిచ్చాను. నలభై ఏళ్లుగా త్రాటిపాము కథ చెబుతున్నవాని అహంకారమది. మననమూ, నిదిధ్యాసనమూ అని శ్రవణం తరువాత మరి రెండు మెట్లు పెద్దలు ఊరకనే పెట్టలేదని ఆమెకు చెప్పవలసినవాడిని నేనే.

మొన్న ఏకాదశినాడు ఆమె దర్శనానికి వస్తే మండపంలో కూర్చోబెట్టి పలక సంగతి దాచకుండా చెప్పాను. అంతా విని, "చివరిదాకా నడిచారా అయ్యగారూ?" అని అడిగింది. లేదమ్మా, సగంలోనే చతికిలబడ్డానని ఒప్పుకొన్నాను.