కోటలో కళకు చోటు

పాత కోట అనగానే కొందరికి కూల్చివేతే గుర్తొస్తుంది, మరికొందరికి హోటల్. వనపర్తి సంస్థానాధీశుల ప్రాసాదం ఈ రెండు దారులూ తొక్కలేదు. అందులో పాలిటెక్నిక్ వెలిసింది. రాజుల కొలువున్న చోట పల్లె పిల్లలు ఇంజనీరింగు నేర్చుకున్నారు. గద్వాలలోనూ సంస్థానాధీశుడు సోమనాద్రి కట్టించిన కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల ఉంది.

చదువు అలా వచ్చింది. కళ మాత్రం ఇంకా బయటే నిలబడి ఉంది. మాకు బాధ కలిగించేది అదే. విద్వద్గద్వాల అని పేరుపొందిన ఊరది. జంట అవధానులు తిరుపతి వేంకట కవులు ఆ సంస్థానానికి వచ్చారు.

గద్వాల చీర చేతిలోకి తీసుకుని చూడండి. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలివేసి కలుపుతారు. అంచున కోటకొమ్మలు దిద్దుతారు. కోటను చీర మీద నిలిపిన ఆ నేతగాళ్లకు కోటలో ఒక్క గదైనా ఉండాలి. అందులో మగ్గం ఆడాలి, పక్కన అవధానం జరగాలి, సాయంత్రం పిల్లలు నాటకం వేసుకోవాలి.

ఇలాంటి కట్టడాలు ఇంకా ఉన్నాయి: నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌లో సురభి రాజుల భవనం ఉంది. అలాంటి కట్టడం మీ ఊళ్లో ఉంటే, అందులో ఏం చేయవచ్చో మాకు రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.