ఆలస్యం మాది

గత సంవత్సరం శుభ శుక్రవారం ఆరాధన మధ్యలో మా సంఘంలో ఒక పెద్దాయన కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. ఎండ, ఉపవాసం, పైగా మూడు గంటల ఆరాధన. కళ్లు తిరిగాయేమో అనుకున్నాం. ఒకరు మొహాన నీళ్లు చల్లారు, ఒకరు అరికాళ్లు రుద్దారు, ఇంకొకరు చేతిలో తాళం చెవుల గుత్తి పెట్టారు. మేము మోకరించి ప్రార్థన చేశాం. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి నొక్కినవారు మాత్రం మాలో ఒక్కరూ లేరు. 108 అంబులెన్సు త్వరగానే వచ్చింది. ఆలస్యం మాది.

ఆ ఇంటివారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. దేవుని చిత్తం అన్నారు. ఆ మాట వెనుక దాక్కోవడానికి మాకు మనస్సాక్షి ఒప్పుకోలేదు.

అందుకే ఈ సంవత్సరం తామరైపాక్కంలో రెండు రోజుల ప్రథమ చికిత్స, సిపిఆర్ శిక్షణకు సంఘం నుండి ఇరవై ఇద్దరం వెళ్లాం. మాలో ఎవరికీ ఇది ముందు తెలియదు. నేర్పిన నర్సమ్మ తమిళంలో చెప్పింది, మా యౌవనస్థులు పెద్దవాళ్లకు తెలుగులో అందించారు. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుందట. కూట్ రోడ్డులో ట్రాఫిక్ చూసినవారికి ఆ నిమిషాల లెక్క వేరే చెప్పనక్కరలేదు.

ఛాతీ మధ్యన ఎముక మీద అరచేయి మడమ ఆనించి, రెండో చేయి దానిపైన వేసి, మోచేతులు వంచకుండా అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు. ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. మా క్వయిర్ పిల్లలకు తాళం వెంటనే పట్టుబడింది. గంటసేపు ప్రసంగించే మేము రెండు నిమిషాలకే చెమటతో తడిసి పక్కకు తప్పుకున్నాం.

శిక్షణకు వాడే ఇలాంటి బొమ్మను 1960లో నార్వేలో బొమ్మలు తయారుచేసే లెయర్డాల్ అనే ఆయన చేశాడు. దాని ముఖం పారిస్‌లో సేన్ నదిలో శవమై దొరికిందని చెప్పుకునే ఒక అనామక యువతిదట. ఆమె ఎవరో, ఏ కులమో, ఏ ఊరో తెలియకుండానే లోకంలో ఎంతోమంది ఆమె నోటికి తమ ఊపిరి ఇచ్చారు.

మా గదిలో మాత్రం ఊపిరి దగ్గరికి వచ్చేసరికి ఒక తమ్ముడు లేచాడు. "అయ్యగారూ, ఎవరో ఏమిటో తెలియనివాళ్ల నోట్లో నోరు పెట్టడం ఎట్లా?" జబ్బుల భయం ఉంటే ఛాతీ నొక్కడం ఒక్కటైనా చాలు, మానవద్దు అని నర్సమ్మ చెప్పింది. నీట మునిగినవారికి మాత్రం ఊపిరి చాలా ముఖ్యమంది. ఆనకట్ట ఉన్న ఊళ్లో ఆ మాట పక్కన పెట్టలేం. కానీ అతని 'ఎవరో' అన్న మాటలో జబ్బు ఒక్కటే లేదు. సమాధుల దగ్గర కూడా గోడలు కట్టుకున్న సంఘాలు మనవి. ఎలీషా షూనేమీయురాలి కుమారుని నోటిమీద నోరు ఉంచిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించామో! ముట్టుకోవడం గురించి ఒక్కసారీ ప్రసంగించలేదు.

"మరి ఆడవాళ్లకైతే?" అని ఇంకొకరు. ఇదీ నిజమైన అడ్డంకే. సిగ్గు చూసుకుంటూ నిలబడితే ప్రాణం పోతుంది, కాబట్టి మగవారైనా నొక్కాల్సిందే. అయినా తర్వాతి శిక్షణకు స్త్రీల సమాజం నుండి సగం మంది రావాలని పట్టుబట్టాం.

కేసుల భయం కూడా చాలామందికి ఉంది. రోడ్డు ప్రమాదంలో సదుద్దేశంతో సాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి వారికి రక్షణ ఇచ్చారు. పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు. తమిళనాడులో 2021 డిసెంబరులో మొదలైన పథకం కింద ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల అత్యవసర చికిత్స ఉచితం. మంచి సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములు తన చేతినుండి ఇచ్చాడు. మనకు ఆ ఖర్చు కూడా లేదు.

శిక్షణలో మొదట నేర్పింది మాత్రం నొక్కడం కాదు. ఆ చోటు నీకు క్షేమమా అని చూసుకున్న తరువాతే దగ్గరికి వెళ్లు అన్నారు. అప్పుడు వెనుక వరుసలో ఉన్న పారిశుధ్య కార్మికుడైన సహోదరుడు, "మా చోటు ఎప్పుడు క్షేమం అయ్యగారూ?" అన్నాడు. సెప్టిక్ ట్యాంకులో ఒకడు పడిపోతే వాణ్ని తీయడానికి దిగిన అన్నో తమ్ముడో కూడా విషవాయువుకు చనిపోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు? ప్రేమతో దిగిన చావులవి. దిగవద్దు, కేకవేయండి, ఫైర్ సర్వీసును పిలవండి అని నేర్పడం ఆ ఇళ్లకు అన్నిటికన్నా అవసరమైన ప్రథమ చికిత్స.

అయితే అంతటితో మన పని అయిపోయిందనుకుంటే వారికి ద్రోహం చేసినట్టే. మనుషులను అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులోనే, మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో మరో కేసులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. రేపు ఏ కాంట్రాక్టరైనా "మీవాళ్లకు ఫస్ట్ ఎయిడ్ వచ్చుగా" అని మనిషిని దింపితే, మా సర్టిఫికెట్ ఆ పాపానికి సాక్షి సంతకం అవుతుంది. సిపిఆర్ నేర్చిన చేతులే ఫిర్యాదు కాగితం కూడా రాయాలి.

ఆ సహోదరుడు వెళ్తూ వెళ్తూ ఆ బొమ్మను తమ కాలనీకి తేగలమా అని అడిగాడు. తమవాళ్లలో చాలామందికి ఆదివారమూ సెలవు లేదట. అందుకని రెండవ శిక్షణ బుధవారం సాయంత్రం అక్కడే పెట్టాం. ఆ రోజు జరగాల్సిన ఉపవాస కూడికను శుక్రవారానికి మార్చాం. ఇద్దరు సంఘ పెద్దలు ఇంకా మాతో సరిగా మాట్లాడటం లేదు.