పాత పూసలు పోగుచేసే ముందు ఒక మాట



సంఘం హాలులో ఒక అద్దాల బీరువా పెట్టి, హళ్ళిఖేడ్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లలో ఉన్న పాత పూసలు, రంగురాళ్లు, నాణేలు తెచ్చి అందులో ఉంచుదామని మన గ్రూపులో మాట వచ్చింది. చాలామంది సరేనన్నారు. మన పిల్లలకు మన నేల సంగతి తెలియాలన్న ఆలోచన మంచిదే. కానీ ఇప్పుడు అనుకుంటున్న పద్ధతిలో చేస్తే మాత్రం మేలు కన్నా నష్టమే ఎక్కువని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

మట్టికి ఊరు ఉంటుందని బీదర్ జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బిద్రీ సామాను నల్లబడాలంటే కోటలోని పాత మట్టే కావాలని పనివాళ్లు తరతరాలుగా అంటున్నారు. రాయికి కూడా అలాగే పుట్టిన ఊరు ఉంటుంది. ఆ ఊరి గుర్తు రాయి లోపలే ఉంటుంది. దాన్ని చదివే పద్ధతులు ఈ పాతికేళ్లలో బాగా పెరిగాయి.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 1956 దాకా మన బీదర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కదా. ఆ నిజాం ఖజానాలోని కొన్ని పచ్చలను వ్యాపారులు 'పాత గని' పచ్చలు అనేవారు. ఆసియాలో ఎక్కడో, ఇప్పుడు జాడలేని గనుల్లో అవి పుట్టాయని నమ్మకం. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు అలాంటి నాలుగు పచ్చలను పరీక్షించి 2000లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు వేశారు. పచ్చలో ఉండే ఆక్సిజన్‌లో బరువైన రకం, తేలికైన రకం ఉంటాయి. వాటి నిష్పత్తి గనిని బట్టి మారుతుంది. కంటికి కనపడనంత చిన్న గుంట చేసి ఆ నిష్పత్తి కొలిచారు. నాలుగింటిలో మూడు కొలంబియావి, ఒకటి అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయది. అంటే దక్షిణ అమెరికాలో తవ్విన పచ్చలు సముద్రాలు దాటి హైదరాబాద్ చేరాయి. వందల ఏళ్లుగా చెప్పుకున్న కథ ఒక్క కొలతతో తేలిపోయింది.

ఇంకో ఉదాహరణ దీనికి ఎదురు దిశలోది. తెలంగాణలో కొత్తగూడెం, పాల్వంచ వైపు గరీబ్‌పేట అనే ఊరుంది. అక్కడి గుట్ట దగ్గర ముదురు ఎరుపు గార్నెట్లు దొరుకుతాయి. మన నవరత్నాల్లోని గోమేదికం కూడా గార్నెట్ జాతిదే. అక్కడికి వందల కిలోమీటర్ల దూరంలో, పుదుచ్చేరి పక్కన అరికమేడు ఉంది. రోమ్‌తో వ్యాపారం జరిగిన ఆ పాత రేవును 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించాడు. అరికమేడులో దొరికిన గార్నెట్లను గరీబ్‌పేట రాళ్లతో పోల్చి కొందరు శాస్త్రవేత్తలు 2017లో ఒక వ్యాసం రాశారు. ఇనుము, మెగ్నీషియం, మాంగనీసు, కాల్షియం పాళ్లు చూశారు. రాయి లోపల సన్నని సూదుల్లా ఉండే సిల్లిమనైట్ ఖనిజం ఏ భాగంలో ఉందో చూశారు. రెండూ సరిపోయాయి. బైజాంటైన్ కాలంలో చెక్కిన ఒక ఎర్రరాయి కూడా గరీబ్‌పేటదేనని 2018లో మరో వ్యాసం వచ్చింది. మన తెలుగు నేలలోని ఒక చిన్న ఊరి రాయి అంత దూరం వెళ్లిందన్నమాట!

ఇక్కడే అసలు విషయం ఉంది. రాయి ఎక్కడ పుట్టిందో రాయే చెబుతుంది, వందేళ్ల తర్వాత పరీక్షించినా చెబుతుంది. కానీ అది ఎక్కడికి చేరింది, ఏ కాలంలో, ఎవరి చేతుల్లో ఉంది అనేది రాయిలో ఉండదు. అది దొరికిన చోట ఉంటుంది. అరికమేడు రాళ్లు అరికమేడులో దొరికాయని తెలుసు కాబట్టే ఆ పోలికతో గని నుంచి రేవు దాకా దారి తెలిసింది. అవే రాళ్లు ఊరూ పేరూ లేకుండా ఒక డబ్బాలో ఉండి ఉంటే, 'ఇవి గరీబ్‌పేట రాళ్లు' అని మాత్రమే తేలేది. అక్కడితో కథ ఆగిపోయేది.

మన ప్రాంతం సంగతి చూడండి. మనది దక్కన్ నల్లరాతి నేల, దాని మీద అక్కడక్కడా ఎర్ర జంబిట్టె. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా చల్లబడినప్పుడు అందులో గాలిబుడగల ఖాళీలు మిగిలాయి. వాటిలో సిలికా చేరి అకీక్ రాళ్లు తయారయ్యాయి. పాత కాలంలో వాటినే ఏరి, కాల్చి ఎరుపు తేల్చి, బెజ్జం వేసి పూసలు చేసేవారు. మనకు దూరం కాని సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940ల మొదట్లో తవ్వితే శాతవాహన కాలపు నాణేలతో పాటు రకరకాల రాతి పూసలు బయటపడ్డాయి.

పాటిగడ్డల మట్టి పొలానికి బలమని బండ్లకెత్తి తోలడం దక్కన్‌లో పాత అలవాటు. ఆ మట్టిలో మెరిసే పూస కనిపిస్తే పిల్లలు ఏరి జేబులో వేసుకుంటారు. పక్కనే ఉన్న రాతి పెంకులను, సగం బెజ్జం వేసి వదిలేసిన పూసను ఎవరూ పట్టించుకోరు. నిజానికి విలువ వాటిదే. పెంకులు, సగం పూసలు ఉన్నాయంటే అక్కడ పూసలు చేసే పనివాళ్లు ఉండేవాళ్లని అర్థం. పూర్తయిన పూసలే ఉంటే బయటి నుంచి కొనుక్కొచ్చి ఉండొచ్చు. ఒక ఊరు తయారుచేసిందా, కొనుక్కుందా అనే పెద్ద ప్రశ్నకు జవాబు ఆ చెత్తలో ఉంటుంది.

ఇప్పుడు మనం 'పాత పూసలు తెండి' అని పిలుపు ఇస్తే ఏమవుతుంది? ఉన్నవి తెస్తారు, లేనివాళ్లు వెతకడానికి గడ్డల మీదికి పోతారు. బాగున్నవి ఏరుకొస్తారు. ఎక్కడివంటే 'అదే, ఊరవతల' అంటారు. బీరువా నిండుతుంది, గడ్డ ఖాళీ అవుతుంది. కొనేవాళ్లు కూడా వాసన పట్టి వస్తారు. వందేళ్లు దాటిన పురావస్తువులను లైసెన్సు లేకుండా వ్యాపారం చేయడం 1972 నాటి చట్టం ప్రకారం నేరమని అందరూ గుర్తుపెట్టుకోవాలి.

'ప్రభుత్వానికి ఇస్తే ఏ గోదాములోనో పడేస్తారు, మన దగ్గరుంటే మనవాళ్లన్నా చూస్తారు' అని కొందరు పెద్దలు అంటున్నారు. ఆ బాధలో న్యాయం ఉంది, కాదనను. కానీ గోదాములో ఉన్నా చీటీ ఉన్న పూసను రేపు ఎవరో ఒకరు చదవగలరు. చీటీ లేని పూస అద్దాల వెనక ఎంత మెరిసినా ఎవరికీ ఏమీ చెప్పదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. ఒకటి, కొత్తగా ఎవరూ ఏరవద్దని సంఘం తరఫున గట్టిగా చెప్పాలి. రెండు, ఇళ్లలో ఇప్పటికే ఉన్నవాటికి ముందు ఒక పుస్తకం పెట్టాలి. ఏ పొలం, సర్వే నంబరు ఎంత, ఎంత లోతు, పక్కన కుండపెంకులేమైనా కనిపించాయా, ఎవరికి, ఏ ఏడు దొరికింది, అన్నీ రాసి ఫోటో తీయాలి. ముసలివాళ్లకు గుర్తున్నప్పుడే ఈ పని కావాలి. మూడు, ఆ పుస్తకం నకలు తహసీల్దారుకూ పురావస్తు శాఖకూ ఇచ్చి, వస్తువులు ఎక్కడ ఉంచాలో వాళ్ల మాట ప్రకారం చేయాలి. నాలుగు, ఇకముందు పొలంలో ఏదైనా కనపడితే కదిలించకుండా ఫోటో తీసి కబురు చేయాలి.

బీరువా మానేయమనడం లేదు. అందులో ముందుగా ఫోటోలు, మన నేల పటం, ఆ పుస్తకం పెడదాం. వాగుల్లో దొరికే మామూలు అకీక్ రాళ్లు పెట్టి, అవి ఎలా పుట్టాయో పిల్లలకు చెబుదాం. వచ్చే మీటింగులో బీరువా ఖర్చు తీర్మానం కన్నా ముందు ఈ పుస్తకం సంగతి చర్చకు పెట్టాలని అధ్యక్షులను, కార్యదర్శిని కోరుతున్నాను. ఒప్పుకోని వాళ్లు కూడా కారణంతో రాయండి, మాట్లాడుకుందాం.