ఒడ్డు లేని రక్షణ: విదేశాంగ శాఖకు బహిరంగ లేఖ

భారత ప్రభుత్వ విదేశాంగ మంత్రిత్వ శాఖ వారికి,

2021 ఫిబ్రవరి 25న శాఖ చేసిన ప్రకటన ప్రకారం, ఆ నెల 11న బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ నుంచి రోహింగ్యా శరణార్థులతో బయలుదేరిన పడవ ఇంజను 15వ తేదీన చెడిపోగా, అండమాన్ సముద్రంలో గాలివాటున కొట్టుకుపోతున్న ఆ పడవను భారత తీరరక్షక దళం గుర్తించి, అందులోనివారికి అన్నపానాలూ వైద్యమూ అందించింది. 90 మందిలో ఎనిమిది మంది అప్పటికే మరణించారు, ఒకరి జాడ తెలియలేదు, 81 మంది మిగిలారు. ఇంతవరకు దళం చేసిన పనిని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ 81 మందిని భారత రేవుకు చేర్చకుండా, బంగ్లాదేశ్‌కు తిరిగి పంపడానికి సంప్రదింపులు జరుపుతున్నామన్న నిర్ణయమే ఈ లేఖకు కారణం. బంగ్లాదేశ్ ఆ బాధ్యత తనది కాదన్నది. చివరకు జూన్ 4న, బయలుదేరిన 113 రోజులకు, వారు ఇండోనేషియాలోని ఆచే తీరాన ఇదమాన్ అనే చిన్న దీవికి చేరారు.

ఇంజను ఆగిన పడవ తెప్పకంటే మెరుగైనది కాదు. నౌకలపై ఉంచే ప్రాణరక్షక తెప్పలోనైనా మనిషికి లీటరున్నర మంచినీరు ఉండాలని అంతర్జాతీయ నియమావళి చెబుతుంది; ఈ పడవలో నీళ్లూ తిండీ అయిపోయి రోజులు గడిచాయి. దాహానికి తాళలేక సముద్రపు నీరు తాగినవారి స్థితి మరీ దారుణం, ఎందుకంటే ఆ నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అంత గాఢతతో లవణాన్ని మూత్రంలోకి పంపే శక్తి మనిషి మూత్రపిండాలకు లేదు కనుక, తాగినదానికంటే ఎక్కువ నీటిని ఒంట్లోంచే తోడి బయటకు పంపవలసి వస్తుంది, తాగినకొద్దీ ఒళ్లు ఎండిపోతుంది. శాఖ ప్రకటనలో ఎనిమిది అనే అంకెగా మిగిలిన మరణాల వెనుక ఉన్నది ఈ దాహమే.

సముద్రంలో అన్వేషణ, రక్షణలపై 1979లో హాంబర్గ్‌లో కుదిరిన ఒడంబడికలో భారతదేశం భాగస్వామి. ఆపదలో ఉన్నవారిని నీటినుంచి తీయడం, తొలి అవసరాలు తీర్చడం, సురక్షిత స్థలానికి చేర్చడం, ఈ మూడూ కలిస్తేనే దాని ప్రకారం రక్షణ పూర్తవుతుంది. మరి సురక్షిత స్థలం ఏది? అలలపై ఊగే పడవేనా? 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదన్న జవాబు ఏళ్ల తరబడి వినబడుతున్నదే. ఇండోనేషియా కూడా దానిపై సంతకం చేయలేదు. అయినా 2020 జూన్‌లో అక్కడి అధికారులు వెనకాడుతుంటే ఆచే జాలర్లే తొంభై మందికి పైగా రోహింగ్యాలను ఒడ్డుకు లాక్కొచ్చారు. ఒక సర్కారుకు ఉండవలసిన తెగువ వలలు నేసుకునేవారికి ఉండడం ఆ సర్కారుకు గౌరవమా?

1816లో మెదూసా అనే ఫ్రెంచి యుద్ధనౌక ఆఫ్రికా తీరాన ఇసుకమేటలో చిక్కుకున్నప్పుడు, 147 మందిని ఒక తెప్ప ఎక్కించి, దానిని లాగుతున్న తాళ్లను వదిలేశారు. పదమూడు రోజుల తరువాత 15 మందే ప్రాణాలతో దొరికారు. నౌకను వదిలి వెళ్లిన కెప్టెన్‌ను ఫ్రెంచి నౌకాదళ న్యాయస్థానం విచారించి మూడేళ్ల జైలుశిక్ష వేసింది. ఆ శిక్ష చాలా తక్కువే, కాని విచారణ అనేది ఒకటి జరిగింది. మరి మన విషయంలో, ఫిబ్రవరి 25కూ జూన్ 4కూ మధ్య మూడు నెలలకు పైగా ఈ 81 మంది ఎవరి కనుసన్నల్లో ఉన్నారు? ఢిల్లీ, ఢాకాల మధ్య నడిచిన సంప్రదింపులు ఎక్కడ ఆగిపోయాయి? వారిని ఏ రేవుకూ చేర్చకూడదన్న ఆదేశం ఎవరిది? ఆ కాగితం పార్లమెంటు ముందుకు వస్తుందా?

బంగాళాఖాతం తెలుగువారికి పరాయి నీరు కాదు. 1996 నవంబరు తుపానులో కాకినాడ తీరం నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారులు వందలాదిగా కడలిపాలైనప్పుడు, ఏ దేశపు నౌక అయినా సరే కనబడినవారిని ఒడ్డుకు తేవాలనే ఇక్కడి కుటుంబాలు కోరుకున్నాయి. వానాకాలం వెళ్లి సముద్రం నెమ్మదించగానే కాక్స్‌బజార్ నుంచి పడవలు మళ్లీ బయలుదేరతాయి. ఆలోగా ఈ విషయంలో తన విధానమేమిటో శాఖ దేశానికి స్పష్టంగా చెప్పాలి, ఇంకొక పడవ అండమాన్ దగ్గర ఆగినప్పుడు అందులోనివారికి నీళ్లతోపాటు నేల కూడా చూపాలి.