ఒక్క రెయిడర్‌తో ఖిల్లా నిలవదు

మా చీరాలలో కబడ్డీ పిచ్చోళ్లకు తెలుగు టైటాన్స్ మీద ఉన్నది నఫ్రత్ కాదు భాయ్, షికాయత్. మొహబ్బత్ ఉన్నచోటే షికాయత్ ఉంటుంది. నాకూ ఉంది.

హిసాబ్ చూడండి. ప్రో కబడ్డీ 8, 9, 10 సీజన్లలో మన జట్టు ఆడినవి 66 మ్యాచ్‌లు, గెలిచినవి 5. డబ్బు పెట్టక కాదు. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంది. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్‌కే దూరమయ్యాడు. మరుసటి సీజన్‌కు మనవాళ్లు 2.605 కోట్లు పోసి అతన్ని తెచ్చారు. అప్పటికి అదే రికార్డు ధర. 22 మ్యాచ్‌ల్లో గెలుపులు రెండే.

ఇందులో పవన్ కసూర్ ఏముంది? ముందు అతను తెచ్చిన పాయింట్లను వెనక కార్నర్లు, కవర్లు అవతలి జట్టుకు అప్పజెబితే ఎవరైనా ఏం చేస్తారు? 30 సెకన్ల రెయిడ్‌కు తాళియాఁ మోగుతాయి. చీలమండ పట్టుకుని వేలాడేవాడి మెహనత్‌కు ఖదర్ తక్కువ. మా మగ్గాల వాళ్లనడగండి, పడుగు బలహీనమైతే పేకలో ఎంత జరీ వేసినా చీర నిలవదంటారు.

2025లో పవన్ వేరే జట్టుకు పోయాడు. విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, భరత్ భుజం కలిపితే, అదే టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరింది. భారం పంచుకుంటే ఏమవుతుందో దానికిదే సబూత్.

యాజమాన్యానికి నా గుజారిష్ ఒక్కటే. వచ్చే వేలంలో ఒక్క పేరు మీద ఖజానా గుమ్మరించకండి, ముందు మంచి కార్నర్లను వెతకండి. ఇన్నేళ్ల మా సబర్‌కు అదే ఇన్సాఫ్.