మోకాలి దెబ్బను వాతమని సరిపెట్టుకోవద్దు

ముప్పై ఏళ్ళు నిండని యువకులు మోకాలు పట్టుకొని కుంటుతూ నా వద్దకు వచ్చినపుడు, వెంట వచ్చిన పెద్దలు చెప్పే మాట దాదాపు ఒక్కటే: "వాతం చేసిందండీ. దుంపలు, వంకాయ మాన్పించాం. నూనె కూడా రాస్తున్నాం." మోకాలికి మునుపు దెబ్బ తగిలిందా అని అడిగితే, "ఎప్పుడో కాలేజీలో కబడ్డీ ఆడుతూ పడ్డాడు, అది అప్పుడే తగ్గిపోయింది" అంటారు. నా దృష్టిలో వ్యాధి మూలం తరచుగా ఆ "ఎప్పుడో"లోనే ఉంటుంది.

వాతమన్న మాట తప్పు కాదు. దాని అర్థాన్ని మనమే కుదించుకున్నాం. చరక సంహిత చికిత్సాస్థానం 28వ అధ్యాయంలో వాతప్రకోపానికి చెప్పిన కారణాలలో రూక్ష, శీత ఆహారాలతో పాటు దెబ్బలు, అతివ్యాయామం, ఏనుగు, ఒంటె, గుర్రం వంటి వాహనాల మీది నుండి పడటం కూడా ఉన్నాయి. నేటి మోటారుసైకిలును ఆ వరుసలో చేర్చుకోవడానికి పాండిత్యం అక్కరలేదు. సుశ్రుతుడు మోకాలిని మర్మస్థానంగా గణించి, అక్కడ గాయమైతే కుంటితనం ప్రాప్తిస్తుందన్నాడు. ఇంత స్పష్టమైన శాస్త్రం చేతిలో ఉండగా నిందనంతా వంకాయ మీదకు నెట్టడం ఏమి న్యాయం?

ఆధునికుల పరిశీలనా ఇదే చెబుతున్నది. మోకాలిలోని లిగమెంటు తెగిన మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణులను 12 ఏళ్ళ తరువాత స్వీడన్‌లో ఎక్స్‌రే తీసి చూడగా 51 శాతం మందిలో కీలు అరుగుదల కనబడింది. 2004లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అప్పటికి వారి సగటు వయస్సు 31 ఏళ్ళు మాత్రమే! లిగమెంటు తెగిన కీలు నిలకడ కోల్పోతుంది. లోపలి మెత్త చినిగితే భారమంతా ఒకేచోట పడి మృదులాస్థి అరుగుతుంది. రక్తనాళాలు లేని ఆ మృదులాస్థి మళ్ళీ సరిగా పూడదు.

నూనె కండరానికి హాయినిస్తుందే గాని తెగిన లిగమెంటును అతికించదు. పైగా దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులలో మర్దన, ఇసుక కాపడం వాపును పెంచవచ్చు. పడినపుడు టప్పుమన్న శబ్దం, కొద్ది గంటలలోనే వాపు, నడకలో కాలు పట్టు తప్పడం, మడిచిన మోకాలు చాపలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎముకల వైద్యునికి చూపించవలసిందే. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తృప్తిపడరాదు. లిగమెంటు ఎక్స్‌రేలో కనిపించదు.

వంశపారంపర్యం, దొడ్డికాళ్ళు కూడా కారణాలే. అవి మన చేతిలో లేవు. శరీరపు బరువు మన చేతిలోనిది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో తేలింది.

ఇక తల్లిదండ్రులకు రుచించని మాట ఒకటి. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఆటస్థలం లేని కాలేజీలో బల్లకు అతుక్కుపోయిన పిల్లవాడికి తొడ కండరాలు పలచబడతాయి. ఉద్యోగంలో చేరి, బొజ్జ వచ్చాక, ఒక ఆదివారం క్రికెట్‌కు దిగి మోకాలు మెలిపెట్టుకుంటాడు. అప్పుడు ఆటను తిడతాం.

వాపు తగ్గి, వైద్యుడు సరేనన్న పిమ్మట ఇంట్లో చేయదగినది ఒకటి కలదు. వెల్లకిలా పడుకొని ఒక మోకాలు మడచి, రెండవ కాలిని చాపి, తొడ బిగించి జానెడు ఎత్తు లేపాలి. ఐదు అంకెలు లెక్కించి దించాలి. ఇట్లు పదేసిసార్లు, రెండు పూటలా. నొప్పి పెరిగితే ఆపివేయాలి. నూనె రాయాలన్న అమ్మమ్మగారి ముచ్చట ఆ తరువాత తీర్చుకోవచ్చు.