గుంటూరు మేడ మీద ఎవరున్నారు?

ఈమధ్య ఒక కళాశాలలో విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద రెండు రోజుల ప్రాంతీయ సదస్సు జరిగితే శ్రోతగా వెళ్ళివచ్చాను. మన వైపు ఇటువంటి విషయం మీద సదస్సు జరగడమే అరుదు. కాబట్టి నిర్వాహకుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నంతసేపూ ఒక అసంతృప్తి నన్ను వదలలేదు. అదేమిటో నాకు నేనే తేల్చుకోవడానికి ఈ నాలుగు మాటలు.

మొదటి రోజు ఒక వక్త "హీలియం మూలకాన్ని కనుగొన్నది మన గుంటూరులోనే" అన్నారు. సభ చప్పట్లతో మారుమోగింది. నేనూ కొట్టాను. చిన్నప్పటినుంచీ వింటున్న మాటే కదా. తరువాత ప్రశ్నలకు మిగిలిన రెండు నిమిషాలలో వెనుక వరుసనుంచి ఒక విద్యార్థిని లేచి, "ఆయన గుంటూరులో ఎక్కడ నిలబడి చూశారండీ?" అని అడిగింది. వేదిక మీద ఎవరూ పలకలేదు. సమయాభావం అంటూ అధ్యక్షులవారు సమావేశం ముగించారు. నన్నడిగితే, ఆ రెండు రోజులలో వినవచ్చిన అసలైన చరిత్ర ప్రశ్న అదొక్కటే.

జరిగినది క్లుప్తంగా ఇది. 1868 ఆగస్టు 18న, మన లెక్కలో విభవ నామ సంవత్సర శ్రావణ అమావాస్యనాడు, సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ నీడ దారిలో గుంటూరు, మచిలీపట్నం ఉన్నాయి. ఫ్రాన్సునుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఊళ్ళో కాపురమున్న ఒక ఫ్రెంచి వర్తకుడు తన ఇంటి పై అంతస్తును ఆయన పరికరాలకు విడిచిపెట్టాడు. బ్రిటిషువారి తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నాడు.

గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలలో సూర్యుని అంచున లేచిన జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. జ్వాలలు వాయురూపంలో ఉన్నాయని తేలింది. ఆ గీతల వెలుగు చూసి జాన్సెన్‌కు ఒక ఆలోచన తోచింది: ఇంత కాంతివంతమైనవి గ్రహణం లేకపోయినా కనబడాలి కదా! మర్నాడు ఉదయం అదే మేడ మీద మళ్ళీ చూశాడు. కనబడ్డాయి. గుంటూరులో జాన్సెన్ సాధించినది ఇదీ. సూర్యజ్వాలలను చూడడానికి మనుషులు ఇక గ్రహణాల కోసం సముద్రాలు దాటనక్కరలేకపోయింది.

మరి హీలియం? పసుపుపచ్చని గీత ఆనాడు పలువురి కంటపడింది. అది సోడియం గీతతో సరిగా కలవడం లేదేమోనన్న సందేహాన్ని నమోదు చేసినవాడు మచిలీపట్నంలోని పాగ్సన్. ఆయన నివేదిక ఎక్కువమంది చేతికి చేరలేదు. 1868 అక్టోబరులో లాకియర్ ఇంగ్లండులో, గ్రహణం లేకుండానే, ఆ గీతను చూసి తరచి తరచి కొలిచాడు. అది భూమి మీద ఎరుగని మూలకానిదన్న ఊహ, హీలియం అన్న పేరు ఆ తరువాతివి. 1895లో రామ్సే ఒక ఖనిజంనుంచి ఆ వాయువును రాబట్టేదాకా చాలామంది నమ్మలేదు. కొత్త మూలకాన్ని కనుగొన్నానని జాన్సెన్ గుంటూరునుంచి ప్రకటించలేదు. హీలియం కథను పుస్తకంగా రాసిన బిమన్ నాథ్ ఈ పొరలన్నిటినీ ఓపికగా విడదీశాడు.

ఇలా చెప్తే గుంటూరు గొప్పతనం తగ్గుతుందని కొందరికి బాధ. నాకైతే పెరిగిందనిపిస్తుంది. ఒక మూలకం ఒక ఊళ్ళో ఒక పూట దొరికింది అంటే అది పుక్కిటి పురాణం. ఒకే ఉదయాన గుంటూరులో, మచిలీపట్నంలో, వనపర్తిలో మనుషులు కళ్ళార్పకుండా చూశారనీ, చూసినది అర్థం కావడానికి మరో ఇరవై ఏడేళ్ళు పట్టిందనీ అంటే అది చరిత్ర. మొదటిది చప్పట్లతో ముగుస్తుంది. రెండవది ప్రశ్నలతో మొదలవుతుంది.

ప్రాంతీయ సదస్సు చేయవలసిన పని అక్కడే ఉంది. జాన్సెన్ జీవితచరిత్ర పారిస్‌లోనూ, లాకియర్ ఘనత లండన్‌లోనూ మనకంటె బాగా రాస్తారు. మనం మాత్రమే అడగగల ప్రశ్నలు వేరు. ఆ వర్తకుని మేడ ఏ వీధిలో ఉండేది? పెట్టెలు మోసి, గుడారాలు వేసి, గడియారం చూసి క్షణాలు పలికినవారెవరు? కలెక్టరు కచేరీ దస్త్రాలలో ఏముంది? అన్నిటికంటె ముఖ్యంగా, విభవ నామ సంవత్సర పంచాంగాలు ఆ గ్రహణానికి స్పర్శకాలం ఎంతని వేశాయి? దూరదర్శినులు చూపినదానికీ, సిద్ధాంతులు కట్టినదానికీ తేడా ఎన్ని విఘడియలు?

ఈ చివరి ప్రశ్నకు దారి చూపగలవారు ఆ సభలోనే ఉన్నారు. మధ్యాహ్న భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన పంచాంగకర్తల కుటుంబంవారు. తాతగారు గుణించిన కాగితాలు సంచిలో తెచ్చుకున్నారు. "ఎవరైనా అడుగుతారేమోనని తెచ్చాను నాయనా" అన్నారు. ఎవరూ అడగలేదు. మన ప్రాచీనులకు తెలియనిది లేదని ఒక పూటంతా ఉపన్యసించినవారు కూడా అడగలేదు. ప్రాచీనులను పొగడడానికి ఉన్న తీరిక వారి లెక్క ఒకటి విప్పి చూడడానికి లేకపోయింది.

అడిగితే ఏమి మిగులుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1825లో వారెన్ అనే అధికారి పుదుచ్చేరి ప్రాంతంలో ఒక తమిళ పంచాంగకర్తను కూర్చోబెట్టి, రాబోయే చంద్రగ్రహణాన్ని గుణించి చూపమన్నాడు. ఆయన కాగితం ముట్టుకోలేదు. నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠస్థమైన పట్టికలతో లెక్క కట్టాడు. ఆరంభానికి 4 నిమిషాలు, మధ్యకాలానికి 23, ముగింపుకు 52 నిమిషాల తేడా వచ్చింది. వారెన్ దానిని తన 'కాలసంకలిత'లో ఎక్కించాడు. నూరేళ్ళు దాటాక నాయిగెబావర్ వంటి చరిత్రకారుడు ఆ గవ్వల వెనుక ఉన్న అతి ప్రాచీన గణిత పద్ధతిని గుర్తుపట్టగలిగాడు. తేడాతో సహా రాసిపెట్టారు కనుకనే ఆ లెక్కకు విలువ. తేడా దాచి ఉంటే అది స్తోత్రమై పోయేది.

మన దగ్గర రాసిపెట్టవలసినవి ఇంకా ఉన్నాయి. 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని సామాన్యులకు తెలియజేయడానికి రఘునాథాచారి, సిద్ధాంతికీ మిత్రులకూ మధ్య సంభాషణగా ఒక పుస్తకం రాసి దేశభాషలలో తెచ్చాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అదే సంక్రమణాన్ని అక్కడనుంచి పరిశీలించాడు. హైదరాబాదు నిజామియా వేధశాలలో ఏళ్ళ తరబడి ఛాయాచిత్ర ఫలకాల మీద లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలిచి పన్నెండు సంపుటాలు అచ్చువేశారు. కొలిచిన చేతులు మనవాళ్ళవే. వారి మనుమలు ఇంకా మన మధ్యే ఉండివుంటారు. ఇనప్పెట్టెలలో, అటకల మీద కాగితాలు ఉండివుంటాయి. చెదపురుగులకు సమయాభావం ఉండదు.

వచ్చేసారి సదస్సు పెట్టేవారికి నా విన్నపం ఒక్కటే. సన్మానాలకు కేటాయించిన గంటలో సగం ఆ సంచులు విప్పడానికి ఇవ్వండి. ఒక పంచాంగం, ఒక దస్త్రం, ఒక పాత ఉత్తరం బల్ల మీద పెట్టి అందరూ కలసి చదవండి. తెలుగులోనే చదవండి. వెనుక వరుసలో కూర్చున్న ఆ అమ్మాయిని ముందుకు పిలవండి. ఆమె ప్రశ్నకు సగం జవాబు, ఫ్రెంచి వర్తకుని మేడ మీద అని, నేనే మెట్లు దిగుతూ చెప్పాను.

"అయితే ఆ ఇల్లెక్కడో వెతకాలి సార్" అంది.